ఉప్పు ఎక్కువై కుదిరిన జత

సభకు అధ్యక్షత వహిస్తున్న మన డైరెక్టర్ గారికి, మొదటి వరుసలో చేతికర్రను కుర్చీకి ఆనించి కూర్చున్న మా పెద్ద మేడం గారికి, నాకంటే ముందు ఈ సంస్థలో చేరి, నాకంటే ముందే రిటైరై, ఈ పూట నా కోసం మళ్ళీ ఈ మెట్లెక్కి వచ్చిన పెద్దలకి, పరిశోధక విద్యార్థులకి, సీసాలు కడిగే గదిలోంచి తడి చేతులు తుడుచుకుంటూ ఇప్పుడే వచ్చి గోడవారన నిలబడ్డ మా వాళ్ళకి, మూడో వరుసలో, ఎక్కడ తన సంగతి ఎత్తుతానోనని తల వంచుకు కూర్చున్న మా ఆయనకి, అందరికీ నమస్కారం.

ఆయన భయం నిజమే. ఎత్తుతాను. (నవ్వులు)

ఇంతసేపూ మాట్లాడినవాళ్ళంతా నన్ను మంచి మాటలతో ముంచెత్తారు. ముప్పై మూడేళ్ళలో ఉప్పక్క చేసిన ద్రావణం ఒక్కటి కూడా తేడా రాలేదని ఒకరు అంటే, పక్కనున్నవారు తలూపారు. నా అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది. గదుల్లో మాత్రం నేను ఉప్పక్కనే, ప్రయోగాలకు కావలసిన ఉప్పు ద్రావణాలు చేసేదాన్ని కాబట్టి. ఆ తలూపినవారిని నొప్పించాలని కాదు గానీ, ఆ మాట నిజం కాదు. ఒక్కటి తేడా వచ్చింది. మామూలు తేడా కాదు. నేను ఇంటి దగ్గర కూర్చుని ఒక ప్రసంగం రాసుకొచ్చాను, అందులో అందరికీ కృతజ్ఞతలే ఉన్నాయి. దాన్ని మడిచి సంచిలో పెట్టేశాను. ఆ ఒక్క ద్రావణం సంగతి చెప్పి దిగిపోతాను. డైరెక్టర్ గారు నా వైపు చూస్తున్నారు. అవును సర్, అదే.

ఈ హాల్లో మా ఇంటివాళ్ళూ, మీ ఇళ్ళవాళ్ళూ చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఇక్కడ ఏం జరుగుతుందో తెలియాలి కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. నేను ఇక్కడికి వచ్చినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. సీసాలు కడిగే ఆవిడ పురిటికి వెళ్తే, మూడు నెలల కోసం నన్ను పెట్టుకున్నారు. మొదటి రోజు ఉదయం ఒక చిన్న ట్యూబును బల్ల మీంచి తీసి పక్కన పెట్టబోయాను. వెనక నుంచి పెద్ద మేడం గొంతు వినిపించింది.

“ఆగమ్మాయ్. ఆ ట్యూబులో ఉన్నదానికి నీ వేలికొసే యముడు.”

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. “ఏముంది మేడం అందులో?”

“ఆర్ఎన్ఏ. దాన్ని ముక్కలు ముక్కలు చేసే పదార్థం మన చర్మం మీద ఎప్పుడూ ఉంటుంది. తొడుగుల్లేకుండా ఒక్కసారి తాకితే చాలు, వాళ్ళ నెల రోజుల పని పోతుంది.”

“ఆర్ఎన్ఏ అంటే మన ఒంట్లోనూ ఉండేదే కదా మేడం, బడిలో చదివాను. మన ఒంట్లో ఉన్నదాన్ని మన చెయ్యే ఎందుకు చంపుతుంది?”

మేడం రాస్తున్న కలం పక్కన పెట్టారు. ఆ రోజు ఒక్క సీసా కూడా కడగలేదు నేను. బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చోమన్నారు, గంటసేపు చెప్పారు. సీసాలు కడగడానికి వచ్చిన మనిషికి గంటసేపు చెప్పారు. మేడం, ఆ గంట మీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం మూడు నెలల పని ముప్పై మూడేళ్ళు అయింది ఆ గంట వల్లే. (చప్పట్లు)

ఆ రోజు ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మన కణాల్లో ప్రొటీన్లు తయారవ్వాలంటే కబురు ఒకచోటి నుంచి రావాలి, సరుకు ఇంకోచోటి నుంచి రావాలి. కబురు తెచ్చేది ఒక రకం ఆర్ఎన్ఏ, పొడుగ్గా దారంలా ఉంటుంది. సరుకు మోసుకొచ్చేది ఇంకో రకం ఆర్ఎన్ఏ, చిన్నది, ముడుచుకుని ఉంటుంది. ఈ మోతగాడికి ఒక చివర సరుకు, రెండో చివర మూడు అక్షరాలు ఉంటాయి. కబురులోని మూడు అక్షరాలకీ ఇతని మూడు అక్షరాలకీ జత కుదిరితేనే సరుకు దించుతాడు. ఎ అన్న అక్షరం ఎదుటికి యు రావాలి, జి ఎదుటికి సి రావాలి. ఇదంతా రైబోజోమ్ అనే యంత్రం లోపల జరుగుతుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి ఇదంతా మా ఆయనకి చెప్పాను. ఆయన దర్జీ. అప్పుడు జాకెట్టుకి చేతులు కుడుతున్నారు.

“ఆ రెండూ అతుక్కుంటాయంటున్నావు, దేంతో అతికిస్తారు?” అన్నారు.

“ఏమీ ఉండదు. అక్షరానికి అక్షరం ఎదురుపడితే పట్టుకుంటాయి, అంతే.”

“టిచ్ బటన్లలాగానా?”

“అలాగే. మూడు బటన్లు.”

“గట్టిగా ఉంటాయా?”

“విడివిడిగా ఏ ఒక్కటీ గట్టిది కాదట. మూడూ పడితే కాసేపు నిలబడతాయి. ఆ కాసేపట్లోనే పని జరిగిపోతుంది.”

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, తల కూడా ఎత్తకుండా అడిగారు. “తప్పు బటన్ పడితే? ఎవరు చూస్తారు?”

నాకు తెలియదు. రాత్రంతా అదే. పొద్దున్నే మేడం గది ముందు నిలబడ్డాను. మేడం నా ముఖం కాసేపు చూసి, “ఇది నువ్వే అడుగుతున్నావా?” అన్నారు. “కాదు మేడం, మా దర్జీ అడిగాడు,” అన్నాను. (నవ్వులు) అప్పటికి దానికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదని చెప్పారు. కొన్నేళ్ళ తరవాత జవాబు తెలిసిన రోజు ఆవిడే నన్ను పిలిచి చెప్పారు. యంత్రం లోపల మూడో ఆర్ఎన్ఏ ఒకటి ఉంటుందనీ, అది తన అక్షరాలు రెండు బయటికి చాపి మొదటి రెండు జతలనీ తడిమి చూస్తుందనీ, ఒంపు సరిగ్గా ఉంటే ఒప్పుకుంటుందనీ, మూడో జత దగ్గర మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తుందనీ అన్నారు. ఆ వదిలెయ్యడం వల్లే ఒకే మోతగాడు కబురులోని మూడక్షరాల మాటలు రెండు మూడింటిని చదవగలుగుతాడట. రాసిందీ ఆర్ఎన్ఏయే, మోసేదీ ఆర్ఎన్ఏయే, తప్పొప్పులు చూసేదీ ఆర్ఎన్ఏయే. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నా నాకు కొత్తగానే ఉంటుంది.

ఇక ఆ ద్రావణం. నేను చేరిన తొమ్మిదో ఏడు. అప్పటికి సీసాల గది నుంచి ద్రావణాల గదికి వచ్చాను, ప్రయోగాలు కూడా కొన్ని నా చేతికే ఇచ్చేవారు. అంతకు ముందు ఏడు మేడం దగ్గరికి ఒక విద్యార్థి వచ్చాడు. బాగా పొడుగు. చల్లగదిలోకి వెళ్ళినప్పుడల్లా గుమ్మం పైన తల కొట్టుకునేవాడు. మేము పొడుగు అనే పిలిచేవాళ్ళం. ఈ రోజు ఈ సభకు ఆయనే అధ్యక్షులు. (నవ్వులు) క్షమించండి సర్.

పొడుగు ఒక మట్టి బాక్టీరియాలోంచి ఒక మోతగాడిని తీశాడు. మూడేసి అక్షరాల చిన్న చిన్న కబురు ముక్కలు పెట్టి, ఇతను దేనితో జత కడతాడో చూడటం పని. పద్ధతి తేలికే. రైబోజోములూ, మూడక్షరాల ముక్కా, మోతగాడూ, నేను చేసిన ద్రావణమూ కలపాలి. మోతగాడు మోసే సరుకుకి రేడియోధార్మిక గుర్తు ఉంటుంది. గుండీ అంత వడపోత కాగితం మీద పోస్తే రైబోజోము కాగితానికి పట్టుకుంటుంది, దానితో జత కట్టినవాడు కూడా ఆగిపోతాడు, జత కట్టనివాడు నీళ్ళతో కిందికి పోతాడు. ఆ కాగితాన్ని లెక్కించే యంత్రంలో పెడితే ఎంతమంది ఆగారో అంకెలు వస్తాయి.

ఒకరోజు అంకెలు రాకూడని చోట వచ్చాయి. రెండో అక్షరం దగ్గర జత అసలు కుదరకూడదు, అయినా మోతగాడు ఆగాడు. కాగితం సరిగా కడగలేదేమోనని మొదట నన్నే అనుమానించారు. మళ్ళీ చేశాం. మళ్ళీ వచ్చింది. మూడోసారి మేడం స్వయంగా పక్కన నిలబడి చూశారు. మూడోసారీ వచ్చింది. తెలిసిన నియమం దాటి జత కట్టే మోతగాడు దొరికాడని గదంతా తేలిపోయింది. పొడుగు ఆ వారం గుమ్మానికి తల కొట్టుకున్నా నవ్వుతూనే ఉన్నాడు. నాలుగు నెలల్లో పరిశోధన పేపరు తయారైంది.

మూడుసార్లు చేశామన్నాను కదా. మూడుసార్లూ ద్రావణం ఒక్కటే. నేను ఒకేసారి పెద్ద సీసాడు చేసి పెట్టాను.

పేపరు చివరి ప్రతి టైపవుతుండగా ఆ ద్రావణం అడుగంటింది. కొత్తది చెయ్యడానికి కూర్చున్నాను. మెగ్నీషియం క్లోరైడ్ తూచి నీళ్ళలో పోసి కలుపుతుంటే బీకరు చేతికి వెచ్చగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగు నెలల కిందట కూడా ఇలాగే తగిలిందని. ఆ రోజు మా అమ్మాయికి జ్వరం, బడి నుంచి కబురొచ్చింది, త్వరగా పని ముగించి వెళ్ళాలన్న తొందర. ఈ ఉప్పు కలిపితే అంతకు ముందు ఎప్పుడూ ఇలా వేడెక్కలేదే, ఎందుకు వేడెక్కుతోంది అని నన్ను నేను అడగలేదు. వచ్చిన మొదటి రోజు నుంచి ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అందరినీ విసిగించినదాన్ని, ఆ ఒక్కరోజు అడగలేదు.

ఈసారి సీసా తిప్పి లేబుల్ చదివాను. మేము ఎప్పుడూ వాడేది నీటితో కలిసి గడ్డకట్టిన ఉప్పు. ఆ నాలుగు నెలల ముందు వచ్చిన సీసాలో ఉన్నది నీరంతా తీసేసిన ఉప్పు. సీసా అదే రంగు, మూత అదే రంగు, లేబుల్ మీద ఒక చిన్న మాట తేడా. నేను పాత కొలతల పట్టీ చూసి పాత బరువే తూచాను. నీరు లేని ఉప్పు కాబట్టి, అదే బరువులో మెగ్నీషియం రెట్టింపు కంటే ఎక్కువ పడింది.

దీనివల్ల ఏమవుతుందో నాకు అప్పటికే తెలుసు, మేడం చెప్పిందే. ఆర్ఎన్ఏ దారాలు రెండూ ఒకే రకం విద్యుత్తు ఉన్నవి, దగ్గరికొస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మెగ్నీషియం మధ్యలో చేరి ఆ తోపులాట తగ్గిస్తుంది, అప్పుడే జత నిలబడుతుంది. తక్కువైతే సరైన జత కూడా విడిపోతుంది. ఎక్కువైతే కుదరకూడని జతలు కూడా అంటుకుపోతాయి, తడిమి చూసేదానికి కూడా తేడా అందదు.

అంటే పొడుగు కనిపెట్టిన కొత్త జత నా బీకరులో పుట్టింది.

(కొంచెం మంచినీళ్ళు ఇస్తారా. చాలు, చాలు.)

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. నా ఉద్యోగం అప్పటికింకా తాత్కాలికమే. పర్మనెంటు చేసే కాగితం ఆఫీసులో కదులుతోంది, ఆ నెలలోనే సంతకం కావాలి. ఆయన కుట్టుమిషను ఆపారు. “ఆర్డరు చేతికొచ్చేదాకా ఆగు. వచ్చాక చెప్దువుగాని,” అన్నారు. నేను సరేనన్నాను. ఆయన ఇప్పుడు తల ఇంకా కిందికి దించేశారు. మీరు తల ఎత్తండి. అన్నది మీరే అయినా, సరేనన్నది నేను.

ఆగాను. రోజూ పనికి వచ్చాను. సీసాను అరలో వెనక్కి నెట్టాను. పొడుగు వచ్చి, “ఉప్పక్కా, పేపరు చివర మీకు కూడా కృతజ్ఞతలు రాశాను, చదవమంటారా?” అని అడిగితే, “అచ్చయ్యాక చదువుకుంటాలే,” అన్నాను. ఆరో రోజు పేపరు కవర్లో పెట్టి పోస్టు చేశారు. ఆ కవరు మీద చిరునామా రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. నాకు ఆకలి లేదు. అన్ని రోజులూ భయం ఒక పక్క ఉన్నా, ఇంకో పక్క ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. నిజంగా ఉప్పు వల్లేనా? సరైన ద్రావణంలో ఆ జత పోతుందా, లేక మెగ్నీషియంతో సంబంధం లేకుండా ఆ మోతగాడు నిజంగానే వేరే రకమా? స్టోరు అన్నయ్యని అడిగి పాతరకం ఉప్పు సీసా తెచ్చాను. ద్రావణం చేశాను, బీకరు వెచ్చబడలేదు. చల్లగదిలో స్వెట్టరు వేసుకుని, తొడుగులు వేసుకుని, ప్రయోగం మొత్తం ఒక్కదాన్నే చేశాను. కాగితాలు యంత్రంలో పెట్టి అంకెల కోసం నిలబడ్డాను.

సరైన జత దగ్గర అంకెలు ఉన్నాయి, కొంచెం తగ్గినా ఉన్నాయి. తప్పు జత దగ్గర ఏమీ లేదు. ఖాళీ కాగితానికి వచ్చే అంకే వచ్చింది.

మీరు నమ్ముతారో లేదో, నాకు ఆ క్షణంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. ఉద్యోగం గుర్తు లేదు, ఆర్డరు గుర్తు లేదు. అంత చిన్నవి, కంటికి కనపడనివి, పక్కన ఉప్పు ఎంత ఉందో చూసుకుని పట్టు బిగించడమూ సడలించడమూ నా చేతి కింద జరిగింది. అంకెల కాగితం చింపుకుని మేడం గదిలోకి పరుగెత్తాను.

“మేడం, పోయింది. ఆ జత పోయింది.”

ఆవిడ కాగితం చూశారు, నన్ను చూశారు. సంగతంతా చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు. “ఆ లేబుల్ ఎప్పుడు చూశావు?”

“ఇవాళే మేడం,” అన్నాను.

ప్రయోగశాల నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టి, జరిగింది నా చేత్తోనే రాయమన్నారు. రాశాను. లేబుల్ చూసిన తేదీ దగ్గర ఆ రోజు తేదీయే వేశాను. ఆవిడ ఆ సాయంత్రమే పత్రికవాళ్ళకి పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశారు. అంత పేరున్న మనిషి, తన ప్రయోగశాలలో ద్రావణం తప్పిందని తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

పొడుగు చల్లగది గుమ్మం దగ్గర కింద కూర్చుండిపోయాడు. “ఏడాదిన్నర, ఉప్పక్కా,” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. పదిహేనో రోజు పొద్దున్నే ద్రావణాల గదికి వచ్చి, నా ముఖం వైపు చూడకుండా అరలవైపు చూస్తూ, “సరిగ్గా ఎంత ఉప్పు దగ్గర తప్పు మొదలవుతుంది?” అని అడిగాడు.

“చేసి చూద్దామా?” అన్నాను.

పన్నెండు ద్రావణాలు చేశాను, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు. ఉప్పు ఎక్కువైతే జతలు తప్పుతాయన్నది ప్రపంచానికి మా కంటే చాలా ముందే తెలుసు. ఈ మోతగాడి దగ్గర ఎక్కడ మొదలవుతుంది, ఏ అక్షరం ముందు లొంగుతుంది, ఏది చివరిదాకా నిలబడుతుంది అన్నది మాత్రం మాకు తెలియదు. రెండేళ్ళు పట్టింది. అదే అతని థీసిస్ అయింది. అందులో మూడో అక్షరం మీద ఉన్న అధ్యాయాన్ని మన విద్యార్థులకి ఇప్పటికీ మొదటి నెలలో చదివిస్తున్నారు. నా ఆర్డరు మీద కూడా మేడం సంతకం పెట్టారు, ఏమీ అడగకుండా.

ఇదంతా ఇక్కడ కొందరికి తెలిసిన కథే. ఉప్పక్క తప్పు చేసింది, చూసిన రోజే ఒప్పుకుంది అని కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి చెబుతుంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏదో పని ఉన్నట్టు అక్కణ్ణుంచి వెళ్ళిపోయేదాన్ని. ఎందుకంటే నేను చూసిన రోజు ఒప్పుకోలేదు. తొమ్మిది రోజులు దాచాను. మొదటి రోజే చెప్పి ఉంటే పేపరు పోస్టయ్యేదే కాదు. మేడం ఆ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు. ఈ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగేళ్ళు.



సర్, మీరు మైకు అడుగుతున్నారు. తీసుకోండి.

(డైరెక్టర్ గారు: “అక్కా, ఆ కవరు పోస్టు డబ్బాలో వేసింది నేను. మీరు వెనకాలే వచ్చి ఆపమని ఉంటే ఆపేవాణ్ణా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆ వయసులో, అంత సంబరంలో… నాకు తెలియడం లేదు. కోపం మాత్రం రావడం లేదు. ఆ రెండు వారాలు మాట్లాడకుండా ఉన్నాను చూడండి, అది నాకిప్పటికీ గుర్తొస్తుంది.”)

మీరు మాట్లాడిన పదిహేనో రోజు నాకు గుర్తుంది సర్. ఆ పద్నాలుగూ మర్చిపోయాను.

మేడం ఏదో అంటున్నారు. ఆ మైకు కొంచెం కిందికి ఇవ్వండి, ఆవిడ లేవనక్కర్లేదు.

(పెద్ద మేడం: “ఎన్ని రోజులన్నావు?”)

తొమ్మిది మేడం.

(పెద్ద మేడం: “అయితే నోట్‌బుక్‌లో తేదీ తప్పుంది.”)

అవును మేడం.

(పెద్ద మేడం: “తప్పుంటే దిద్దాలి కదమ్మాయ్. చెరిపెయ్యకు. పాతది కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైన తేదీ వేసి, సంతకం పెట్టు. కింద ఇవాళ్టి తేదీ వెయ్యి.”)

సరే మేడం. (చప్పట్లు)

ఆవిడ క్షమించానని అనలేదు, గమనించారా. నాకు ఏం చెయ్యాలో చెప్పారు. మొదటి రోజు నుంచీ అంతే.

విద్యార్థులకి ఒక్క మాట చెప్పి ఆపుతాను. మీకు చేతిలో ఏదైనా వెచ్చగా తగిలితే, ఎంత తొందరలో ఉన్నా, ఎందుకు అని అడగండి. నాకు ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. కబురూ, మోతగాడూ, తడిమి చూసేదీ, మూడూ ఆర్ఎన్ఏలే అయినప్పుడు, ఈ మూడింట్లో ముందు పుట్టింది ఏది? రెండోది లేకుండా మొదటిది ఎవరితో జత కట్టింది? పోయిన వారం కూడా సెమినార్లో అడిగాను, ముగ్గురు మూడు జవాబులు చెప్పారు, నాకు మూడూ చాలలేదు. గురువారం సెమినార్లకి వచ్చి వెనక కూర్చోవచ్చని డైరెక్టర్ గారు అనుమతి ఇచ్చారు, కాబట్టి మీకు నా పీడ పూర్తిగా విరగడ కాలేదు. (నవ్వులు)

నన్ను కూర్చోబెట్టి చెప్పిన మేడం గారికి, మళ్ళీ మాట్లాడిన డైరెక్టర్ గారికి, ఎందుకని అడక్కుండానే సీసాలు వెతికిచ్చిన స్టోరు అన్నయ్యకి, ఇన్నేళ్ళూ నా అంకెలన్నీ కుట్టుమిషను పక్కన కూర్చుని విన్న మా ఆయనకి, మీ అందరికీ కృతజ్ఞతలు.

ఇంకా మాట్లాడాలనే ఉంది. కానీ ఆ నోట్‌బుక్ పాత బీరువాలో ఉంది, బీరువా తాళం నేను ఐదింటికల్లా ఆఫీసులో అప్పగించెయ్యాలి, ఇప్పుడు నాలుగు ముప్పావు అయింది. ఎవరి జేబులోనైనా కలం ఉంటే ఇవ్వండి.

సెలవు.